అంకుడు కర్ర పిడి

పొద్దుటి పూట రేవతి వేళ్ళు వంగేవి కావు. నిద్ర లేచేసరికి రెండు చేతుల వేళ్ళూ వాచి, బిగుసుకుపోయి ఉండేవి. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికే ఆమెకు చాలాసేపు పట్టేది. ఎండెక్కాక, వేన్నీళ్ళలో చేతులు కాసేపు ముంచుకుని అటూ ఇటూ తిరిగితే నెమ్మదిగా సడలేవి. మధ్యాహ్నానికి అందరి చేతుల్లాగే కనిపించేవి. తర్వాత జరిగినదానికి చాలావరకు ఈ తేడాయే కారణమైంది.

పెళ్ళయి చోడవరం వచ్చేనాటికి ఆమెకు ఏ జబ్బూ లేదు. చీడికాడలో పుట్టింటివాళ్ళకి కొద్దిగా పొలం ఉంది. ఊడ్పులూ కోతలూ చేసిన మనిషే. కాపురానికి వచ్చిన మరుసటేడు చలికాలంలో మొదట బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చింది. తర్వాత ఒక్కొక్క వేలికీ పాకింది. విశాఖలో చూపిస్తే, ఇది ముసలితనంలో వచ్చేది కాదు, వయసులో ఉన్నవాళ్ళకొచ్చే కీళ్ళవాతం అన్నారు. మాత్రలు రాశారు. చన్నీళ్ళలో చేతులు నాననివ్వొద్దనీ, బరువులెత్తొద్దనీ, సన్నటి వస్తువేదీ గట్టిగా బిగించి పట్టుకోవద్దనీ చెప్పారు. అలాగని వేళ్ళు కదపకుండా కూర్చోవద్దన్నారు. రబ్బరు బంతి ఒకటి చేతిలో పెట్టుకుని మెల్లగా నొక్కుతూ ఉండమన్నారు.

ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరే. రేవతి, ఆమె తోడికోడలు మంగాయమ్మ. మంగాయమ్మ భర్త గణపతిరావు చెరకూ వరీ పండించేవాడు. అతని తమ్ముడు కిషోర్ బస్టాండు దగ్గర టీవీలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసే కొట్టు నడిపేవాడు. అతనే రేవతి భర్త. కిషోర్ చిన్నతనంలోనే తల్లి పోయింది. అప్పటికి కొత్తకోడలుగా వచ్చిన మంగాయమ్మే అతనికి స్నానం చేయించి, అన్నం తినిపించి, బడికి పంపింది. అందుకని కిషోర్ వదిన మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. చెప్పాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. ఆమె మంచి మనిషి.

రేవతికి జబ్బు చేసినప్పుడు మంగాయమ్మే వావిలాకు మరిగించి కాపడం పెట్టింది. నీళ్ళు మోయడం, బట్టలుతకడం, గేదెల దగ్గర కసువు తియ్యడం తనే మీద వేసుకుంది. కూర్చుని చేసే పనులు, బియ్యం ఏరడం, పోపుకి సర్దడం లాంటివి రేవతికి వదిలింది. కొన్నాళ్ళలో తగ్గిపోతుందని ఇద్దరూ అనుకున్నారు. తగ్గలేదు.

కిషోర్ సామాన్ల కోసం అప్పుడప్పుడు విశాఖ వెళ్ళేవాడు. ఒకసారి అక్కడి ఫుట్‌పాత్ మీద వీడియో గేము అమ్ముతుంటే చూశాడు. చేతిలో పట్టేంత ప్లాస్టిక్ పెట్టె. చిన్న తెర మీద పైనించి రకరకాల ఇటుకలు పడుతుంటాయి. వాటిని బటన్లతో తిప్పి, సందు లేకుండా కింద వరసలు పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది. ఎడమచేతి బొటనవేలికి కొన్ని బటన్లు, కుడిచేతి బొటనవేలికి పెద్ద బటనొకటి. రబ్బరు బంతితో విసిగిపోయిన పెళ్ళానికి ఇది బాగుంటుందని కొనుక్కొచ్చాడు.

రేవతికి ఆట వెంటనే పట్టుబడింది కానీ, పెట్టె పట్టుబడలేదు. అది మరీ పలచన. జారిపోకుండా ఉండాలంటే వేళ్ళతో అంచుల్ని బిగించి పట్టుకోవాలి. ఆ బిగింపుకే ఆమె బొటనవేలు సలిపేది. కాసేపటికే ఒళ్ళో పడేసి చేతులు దులుపుకునేది. నీకెందుకులే, పిల్లలెవరికైనా ఇచ్చేద్దామని కిషోర్ అనలేదు. ఎదురుగా కూర్చుని ఆమె ఎలా పట్టుకుంటోందో చూశాడు.

మొదట పాత లుంగీ గుడ్డ చుట్టాడు. చేతి చెమటకి తడిసి జారింది. టీవీ అట్టపెట్టెలోంచి థర్మాకోల్ ముక్కలు కోసి వెనకాల అంటించాడు. రెండు రోజుల్లో పొట్టుపొట్టుగా రాలిపోయి, మంచం కిందంతా తెల్లగా అయింది. సైకిలు హ్యాండిలుకుండే రబ్బరు పిడులు కోసి రెండు పక్కలా తొడిగితే కొంత నయమనిపించింది. కానీ వాటి మీదుండే గీతలు అరచేతిలో గుచ్చుకున్నాయి. లావుగా ఉండాలి, మెత్తగానూ ఉండాలి, కానీ జారకూడదు. ఎంత లావు, ఎక్కడ లావు అన్నది ఆమె చేతికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం కిషోర్ భోజనానికొచ్చి, గోధుమపిండి గట్టిగా కలిపి ముద్ద చేసి ఆమె అరచేతిలో పెట్టాడు. బిగించకు, ఊరికే గేము పట్టుకున్నట్టు పట్టుకో అన్నాడు. రేవతి పట్టుకుంది. వేలి దగ్గర గుంట, అరచేయి దగ్గర ఎత్తు, ఆ ముద్దలో అచ్చు పడింది. ఇద్దరూ దాన్ని ఎంతోసేపు తిప్పితిప్పి చూశారు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే అంకుడు కర్ర తేలిగ్గా, మెత్తగా ఉంటుందని అతనికి తెలుసు. అటువైపు నుంచి వచ్చే ఒక ఖాతాదారు చేత ఆ కర్ర తెప్పించి, అచ్చు చూసుకుంటూ ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు.

రోజూ భోజనం కాగానే కిషోర్ అడిగేవాడు.

“ఇప్పుడెక్కడ నొప్పెడతంది?”

ఆమె చూపించేది. అతను అక్కడ పెన్సిలుతో గీసి మళ్ళీ అరగదీసేవాడు. చేసిన జతలన్నీ చాప మీద పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ పట్టుకుని చూడమనేవాడు. ఒకటి మరీ గుండ్రం. ఒకటి బాగానే ఉంది కానీ చిటికెన వేలికి ఆనిక లేదు. చివరికి కిందివైపు లావుగా, పైకి సన్నగా, కుడిదానికంటే ఎడమది కొంచెం పెద్దగా ఉన్న జత ఆమె ఏరుకుంది. ఎడమచెయ్యే ఎక్కువ పాడైంది మరి. పాత టేప్‌రికార్డరు భుజానికి తగిలించుకునే తోలు బెల్టు కోసి, చేతి వెనక నుంచి వచ్చేటట్టు కిషోర్ రెండు పట్టీలు బిగించాడు. ఇప్పుడు వేళ్ళు పూర్తిగా విప్పేసినా పెట్టె కింద పడదు. అరచేతులే దాన్ని మోస్తాయి. బొటనవేళ్ళు బటన్ల మీద ఊరికే తిరిగితే చాలు.

కాపురం మొత్తంలో తాను సుఖంగా ఉన్నది ఆ కొద్ది రోజులేనని రేవతి తర్వాత తెలుసుకుంది. తన నొప్పి ఎక్కడుందో ఒక మనిషి అంత ఓపిగ్గా అడిగి, విని, దానికి తగ్గట్టు ఒక వస్తువు చేయడం ఆమె ఎరగదు.

ఆ పిడితో ఆమె ఆట చూడముచ్చటగా ఉండేది. మధ్యాహ్నం పూట అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చునేది. ఇటుకలు ఎంత జోరుగా పడినా తొందరపడేది కాదు. వీధిలో వాళ్ళు ఆగి చూసేవారు. డాక్టరు చెప్పినట్టు వేళ్ళు కదులుతున్నాయి, మధ్యాహ్నం నొప్పి కూడా కొంచెం తగ్గింది. కిషోర్ కొట్టులో కూడా తన పెళ్ళాం ఆట గురించి చెప్పుకునేవాడు.

మంగాయమ్మ ఆ అరుగు పక్కనించే రోజూ నీళ్ళ బిందెతో వెళ్ళేది. మొదట్లో నవ్వుతూ చూసింది. కొన్నాళ్ళకి చూడడం మానేసింది. పొద్దున్నే తను బోరింగు దగ్గర నుంచి వచ్చేసరికి రేవతి గ్లాసు ఎత్తలేక రెండు చేతుల మధ్య పెట్టుకుని కాఫీ తాగుతుండేది. మధ్యాహ్నం అవే చేతులు బటన్ల మీద టకటకా ఆడేవి. అది ఆ మనిషికి ఎలా అర్థమవుతుంది? జబ్బు గురించి ఆమెకు ఎవరూ వివరంగా చెప్పలేదు. కిషోర్ చెప్పి ఉండాల్సింది. వదినతో పెళ్ళాం ఒంటి సంగతి మాట్లాడడానికి అతనికి మొహమాటం.

మాఘం వెళ్ళేసరికి బెల్లం వంట మొదలైంది. గణపతిరావు పొలంలో గానుగ దగ్గర పనివాళ్ళందరికీ రెండు పూటలా అన్నం వండి పంపాలి. మంగాయమ్మ చీకటితో లేచి వండి, గంప నెత్తిన పెట్టుకుని ఎండలో పొలానికి నడిచి వెళ్ళి వచ్చేది. మధ్యలో జ్వరం వచ్చింది. జ్వరంతోనే వండింది. రేవతి సాయానికి వెళ్ళి, అన్నం గిన్నె దించబోయి వదిలేసింది. సగం అన్నం నేలపాలైంది. మంగాయమ్మ మళ్ళీ ఎసరు పెట్టింది.

ఆ రోజే పొలం నుంచి ఖాళీ గంపతో తిరిగి వస్తుంటే అరుగు మీద నుంచి గేము చప్పుడు వినిపించింది. మంగాయమ్మ గంప దించి వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

“పొద్దున్న లేని సేతులు మద్దినేళకి ఎక్కణ్ణించి వచ్చేయే? నాకూ ఉన్నాయి సేతులు. సూడు.” అని పగిలిన అరచేతులు చాపి చూపించింది.

రేవతి గేము పక్కన పెట్టి దగ్గరికెళ్ళింది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా ఉంటుందనీ, ఈ జబ్బే అంతనీ చెప్పింది. అది ఎంత నిజమైనా ఆ క్షణంలో సాకులాగే వినిపించింది. మంగాయమ్మ తల తిప్పుకుంది. ఇల్లు వేరు చెయ్యండి, లేకపోతే తను పుట్టింటికి పోతానని మొగుడితో తెగేసి చెప్పింది.

గణపతిరావు పక్క వీధిలో ఉండే కృష్ణంరాజు గారిని రమ్మన్నాడు. ఇళ్ళలో మాట తేడాలొస్తే ఆయన్ని పిలవడం అక్కడ అలవాటు. పక్షపాతం లేని మనిషని పేరు. చీడికాడకి కబురు పెడితే రేవతి తండ్రి పరదేశి కూడా వచ్చాడు. అందరికీ తీరిక మధ్యాహ్నమే కనక మధ్యాహ్నమే కూర్చున్నారు.

కృష్ణంరాజు గారు ముందు మంగాయమ్మ మాట విన్నారు. తర్వాత రేవతిని అడిగారు. రేవతి చెప్పిందే మళ్ళీ చెప్పింది. డాక్టరు చీటీ చూపిస్తే ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, ఇందులో మందుల పేర్లే తప్ప పని చెయ్యకూడదని ఎక్కడా లేదన్నారు. ఆ పిడి తగిలించిన గేము తెప్పించి అటూ ఇటూ తిప్పి చూశారు. పిడి పనితనానికి మెచ్చుకున్నారు కూడా. అప్పుడు కిషోర్ వైపు తిరిగారు.

“ఇది చేసినోడివి నువ్వే గదరా. దీన్ని ఆడడానికి చేతిలో సత్తువ ఉండాలా, అక్కర్లేదా? అది చెప్పు, చాలు.”

ఆ ఊరు మొత్తం మీద దానికి జవాబు చెప్పగలిగిన మనిషి కిషోర్ ఒక్కడే. సత్తువ లేని చేతికి సరిపడేలాగే దాన్ని అరగదీశాడు. ఏ వేలికి ఎంత బలముందో పెన్సిలు గీతలు గీసి మరీ తెలుసుకున్నాడు. రేవతి అతని మొహమే చూస్తోంది. కిషోర్ మాత్రం వదిన వైపు చూశాడు. మంగాయమ్మ గుమ్మంలో కూర్చుని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

“నాకేటి తెలుస్తాదండి బాబూ. ఆడుకునే వస్తువు, అంతే.” అన్నాడు.

కృష్ణంరాజు గారు గేము రేవతికి అందించి, ఒకసారి ఆడి చూపించమ్మా, నా కళ్ళతో నేను చూస్తానన్నారు.

రేవతి పట్టీల్లో చేతులు దూర్చింది. ఓడిపోవడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. మొదటి ఇటుకలు నాలుగు అడ్డదిడ్డంగా వదిలేసి, అబ్బా అని చేతులు దులుపుకుంటే చాలు, అందరూ నమ్ముతారు. అది అబద్ధమవుతుంది. నిజం చెప్పినప్పుడు నమ్మనివాళ్ళ కోసం అబద్ధం ఆడాలా అనిపించింది. పైగా అప్పుడు ఆమెకు కోపంగా కూడా ఉంది. ఈ ఇంట్లో తాను బాగా చేయగలిగిన పని ఇదొక్కటే. దాన్ని కూడా చెడగొట్టి చూపించడానికి ఆమెకు మనసు ఒప్పలేదు.

ఆడింది. వరసలు ఒకటి తర్వాత ఒకటి నిండి మాయమవుతున్నాయి. ఇటుకలు జోరందుకున్నాయి. ఆమె తల ఎత్తలేదు. గణపతిరావు ముందుకు వంగి నోరు తెరుచుకుని చూశాడు. పరదేశి ఒకసారి చూసి తల దించుకున్నాడు. చివరికి కృష్ణంరాజు గారే చాల్లెమ్మా అన్నారు.

“చేతులు బాగానే ఉన్నాయి తల్లీ. నొప్పి లేదని నేననను. అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. పెద్దదాని పనిలో సగం నువ్వందుకో.”

అంతటితో తీర్పు అయిపోయింది. నీళ్ళూ బట్టలూ రేవతివి, వంటా గేదెలూ మంగాయమ్మవి అని పంచారు. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చారు. పరదేశి వెళ్ళేటప్పుడు కూతుర్ని పెరట్లోకి పిలిచాడు. ఆమెను తనతో తీసుకుపోతానంటాడేమోనని రేవతి ఆశపడింది.

“పని సేసుకోమ్మా. నలుగుర్లో నా పరువు తియ్యకు.” అని బస్సెక్కాడు.

బకెట్టుకుండే తీగ పిడి సన్నగా ఉంటుంది. నీళ్ళు నిండితే అది సరిగ్గా వేళ్ళ మధ్య కీళ్ళ మీదే కోస్తుంది. మొదటి వారం అయ్యాక రేవతి కిషోర్‌ని అడిగింది.

“బకెట్టుకి కూడా ఒక కర్ర పిడి సెయ్యండి. లావుగా ఉంటే అరచేత్తో ఎత్తుకుంతాను.”

చేస్తానన్నాడు. కానీ ఇప్పుడే చేస్తే వదిన ఏమనుకుంటుందో, రాజుగారి మాట కాదన్నట్టు ఉంటుందేమో, కొన్నాళ్ళు పోనీ అన్నాడు. అంకుడు ముక్కలు ఇంకా కొట్టులో బల్ల కింద ఉన్నాయి. ఆమె మరొకసారి అడిగింది. మళ్ళీ అదే జవాబు. మూడోసారి అడగలేదు. బకెట్టు ముంజేతికి తగిలించుకుని మోయడం నేర్చుకుంది. ముంజేతి మీద నల్లటి చార పడింది.

చన్నీళ్ళలో బట్టలు నానబెట్టి పిండడం వల్ల వేళ్ళు మధ్యాహ్నానికి కూడా సడలడం మానేశాయి. గేము అలమరలో ఉండిపోయింది. ఎవరూ ఆడొద్దనలేదు, ఆమే తియ్యలేదు. మంగాయమ్మ మళ్ళీ మంచిగా మాట్లాడసాగింది. తన కోపం తీరిపోయింది, పని సగమైంది, ఇంక ఆమెకు రేవతి మీద ఏమీ లేదు. కూరలో మంచి ముక్కలు రేవతికే వేసేది. కిషోర్ కూడా ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాడు.

మరుసటేడు వానాకాలానికి రేవతి వేళ్ళు చిటికెన వేలి వైపు వాలిపోయాయి. గాలికి వరి వాలినట్టు అన్నీ ఒకే పక్కకి. ఒక రోజు మంగాయమ్మ గేదెల దగ్గరుండగా తను గంజి వార్చబోతుంటే గిన్నె జారి కాలి మీద పడింది. మంగాయమ్మ పరిగెత్తుకొచ్చి కాలి మీద నీళ్ళు పోసి, లేపడానికి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఆ చేతిని ఆమె ఏడాదిగా రోజూ చూస్తూనే ఉంది. దగ్గరగా చూడడం అదే మొదలు. రెండో చెయ్యి కూడా అందుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

“ఇదేటే, ఇలాగైపోయేయి? అప్పుడే సెప్పొచ్చు గదే నాకు.”

“సెప్పేను గదక్కా.” అంది రేవతి.

ఆ సాయంత్రమే బకెట్టూ బట్టలూ మంగాయమ్మ మళ్ళీ తన మీద వేసుకుంది. మర్నాటి నుంచి రేవతి జడ కూడా తనే వేసింది. వీధిలో ఎవరు అడిగినా, పాపం చిన్నపిల్ల, ఎంత జబ్బో అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ కన్నీళ్ళు నిజమైనవే. చెయ్యి వంకరపోయి కళ్ళకు కనిపించాక అందరూ నమ్మారు. కృష్ణంరాజు గారు కూడా ఒకసారి వాకిట్లో ఆగి, ఎలా ఉందమ్మా అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయారు.

కిషోర్ ఆమెను మళ్ళీ విశాఖ తీసుకెళ్ళాడు. ఈసారి చూసిన డాక్టరమ్మ వయసులో చిన్నది. ఓపిగ్గా ఎప్పటినుంచి, ఎలా, ఏ వేలు ముందని అడిగింది. రేవతి నోరు తెరిచేలోగా కిషోర్ మొదలుపెట్టాడు. పొద్దున్న బిగుసుకుపోయి మధ్యాహ్నానికి సడలేవండీ అన్నాడు. బొటనవేలి మొదట్లో ముందు వచ్చింది, ఎడమచెయ్యి ఎక్కువ, సన్నటి వస్తువు బిగిస్తే సలుపు, లావుపాటిది అరచేత్తో పట్టుకుంటే ఏమీ ఉండదు, బొటనవేళ్ళు ఊరికే కదపడానికి బలం అక్కర్లేదు కనక అదొక్కటీ చేయగలిగేది అని ఒక్కటి కూడా మర్చిపోకుండా చెప్పాడు. డాక్టరు రాసుకుంటూ, మీరు బాగా గమనించారండీ అని మెచ్చుకుంది. తర్వాత, అన్నీ తెలిసి ఇన్నాళ్ళు చన్నీళ్ళ పని ఎందుకు చెయ్యనిచ్చారని అడిగింది. కిషోర్ బల్ల మీది పాత చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాలిపోయిన వేళ్ళు మళ్ళీ తిన్నగా రావనీ, ఇంకా వాలకుండా మందులతో ఆపడమే చేయగలమనీ డాక్టరు చెప్పింది.

విశాఖ బస్టాండు కాంప్లెక్సులో చోడవరం బస్సు ఎక్కారు. ఇద్దరు కూర్చునే సీటు దొరికింది. సబ్బవరం దాటేవరకు రేవతి కిటికీలోంచి బయటికే చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

“అయ్యన్నీ ఆ రోజెందుకు సెప్పలేదు?”

కిషోర్ మందుల సంచి మోకాళ్ళ మీద సర్దుకున్నాడు.

“వదిన ఏడస్తన్నాది గదా.” అన్నాడు.

“నానేడవలేదు.” అంది రేవతి.

అతను ఆమె చెయ్యి అందుకోబోయాడు. ఆమె లేచింది. కుదుపులకు తూలుతూ, మోచేతులు సీట్లకి ఆనించుకుంటూ ముందుకు నడిచి, ఆడవాళ్ళ సీట్లో ఒక ముసలామె పక్కన చోటుంటే కూర్చుంది. ముసలామె గంప కాళ్ళ దగ్గరికి లాక్కుని జరిగింది. రేవతి ఒళ్ళోని చేతులు చూసి, కాలిపోయేయా అమ్మా అని అడిగింది. కాదని రేవతి తల అడ్డంగా ఊపింది. వెనక నుంచి కిషోర్ రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. చోడవరంలో బస్సు ఆగేదాకా ఆమె వెనక్కి తిరగలేదు.